చిక్కం

మొదటిది కరిచింది. రెండోది పడేసింది. శనివారం పొద్దున్నే మూడోదాన్ని చూడ్డానికి బయల్దేరుతూ, "ఈ సంబంధమైనా కుదిరితే బావుణ్ణు" అంది విశాలాక్షి, సీటు బెల్టు పెట్టుకుంటూ.

"అమ్మా, మనం వెళ్తోంది పెళ్లిచూపులకి కాదు. పోనీ కోసం" అంది వైదేహి, కారు వెనక్కి తీస్తూ.

"పోనీలే, ఏదైతేనేం. గుణం చూసుకోవాలా వద్దా?"

వెనక సీట్లో ఆరేళ్ల సుధామయి కిసుక్కున నవ్వింది. అమ్మమ్మ నోట్లోంచి రోజుకు ఎన్నిసార్లు 'పోనీలే' అనే మాట వస్తుందో లెక్క లేదు. వచ్చినప్పుడల్లా పొట్టిగుర్రం పేరే వచ్చిందని "పోనీ! అమ్మమ్మ సెడ్ పోనీ!" అని ఎగరడం చలికాలమంతా దాని ఆట. రెండో గుర్రం పడేశాక ఆ ఆట తగ్గింది. మోచేతి మీద గాయం చెక్కు కట్టి ఊడిపోయేదాకా గుర్రం మాటెత్తితే చాలు, తల్లి చంకలోకి దూరేది. అయినా వద్దనలేదు. భయపడుతూనే కావాలనడం ఎవరి పోలికో విశాలాక్షికి తెలుసు గాని పైకి ఒప్పుకోదు.

నిజానికి ఈ పోనీ గోల మొదలుపెట్టిందీ ఆవిడే. ఎడ్మంటన్ బయట ఐదెకరాల స్థలంతో ఇల్లు కొన్నప్పుడు వెనకాల చిన్న కొట్టం కూడా వచ్చింది. "కొట్టం ఉత్తినే ఉంటే ఏం శోభ" అందావిడ. అల్లుడు అర్జున్ ఫోర్ట్ మెక్‌మరీలో షిఫ్టుకి వెళ్తూ, "మీరూ మీరూ చూసుకోండి అత్తయ్యగారూ" అని నవ్వి తప్పుకున్నాడు.

స్టోనీ ప్లెయిన్ దాటాక కంకర రోడ్డు. గేటు దగ్గర పోనీ యజమాని డోరీన్ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో తాడు. ఆమె వెనక పచ్చికలో మూడు పెద్ద గుర్రాలు తలెత్తకుండా మేస్తున్నాయి. మే నెలాఖరు లేత గడ్డి, చూస్తే మనిషికే నోరూరేలా ఉంది. షెట్లాండ్ పోనీ మాత్రం విడిగా, కంచె వేసిన మట్టినేలలో ఉంది. అక్కడ గడ్డిపోచ లేదు. దాని ఎత్తు సుధామయి గడ్డందాకా వస్తుందేమో. కళ్ల మీదికి పడే జూలు, కుండలాంటి పొట్ట. మూతికేదో సంచీ కట్టి ఉంది.

విశాలాక్షి ముఖం విప్పారింది. "చూశావుటే, ఎంత ముచ్చటగా దాణా సంచీ కట్టారో! మా తుని స్టేషన్ దగ్గర జట్కా గుర్రాలకి అచ్చం ఇలాగే ఉలవల సంచీ కట్టేవాళ్లు."

దగ్గరికి వెళ్లి కంచె మీంచి వంగి చూసింది. సంచీ కాదు. రబ్బరు బుట్ట. అడుగున ఒక్క చిల్లు, రూపాయి బిళ్లంత. లోపల గింజన్నది లేదు. పోనీ ఆ చిల్లులోంచి పెదవి బయటికి పెట్టి ఉత్త మట్టిని నాకుతోంది.

"చిక్కం" అంది విశాలాక్షి. ఆవిడ గొంతు మారిపోయింది. "కుప్ప నూర్చేటప్పుడు ఎడ్లు గింజ ముట్టకుండా మూతికి కట్టే చిక్కమే ఇది. అవైనా నూర్పులయ్యాక విప్పేస్తారు. ఇదేం నూరుస్తోందిట?"

"అమ్మా, ప్లీజ్. ఆవిడ చెప్తోంది విననీ."

డోరీన్ చెబుతోంది. దీని పేరు బిస్కెట్. ఇరవై రెండేళ్లు. ముగ్గురు పిల్లలు దీని మీదే స్వారీ నేర్చుకున్నారు. ఒకసారి కాళ్లు పాడయ్యాయి, మళ్లీ పాడైతే కష్టం. ఎండుగడ్డి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొలిచి పెట్టాలి. మరొకటి పెట్టకూడదు. పచ్చికలోకి వదిలితే మూతికి ఇది తప్పనిసరి. వైదేహి ప్రతి మాటకీ తలూపుతోంది. విశాలాక్షి బిస్కెట్ కళ్లలోకి చూస్తోంది. ఆవిడ చెవిన పడి నిలిచింది ఒకటే మాట, 'ఈజీ కీపర్'.

"ఈజీ కీపర్ అంటే పెంచడం తేలికనేగా?" అని గొణిగింది కూతురితో.

"అలాంటిదే" అంది వైదేహి, వినీ వినకుండా. కాస్త తిన్నా కొవ్వు పట్టేసే జంతువని దాని అసలు అర్థం.

"గడ్డి ఎందుకు నానబెట్టడం?"

"అందులో షుగర్ పోవడానికిట."

విశాలాక్షికి తన కంచం గుర్తొచ్చింది. ఆవిడ షుగరు జబ్బు కోసమని కూతురు ఇంట్లోకి కొత్త కుక్కరొకటి తెచ్చింది. అన్నంలో గంజంతా వార్చేసి, తీపి లాగేసి, నోట్లో పెట్టుకుంటే కాగితం నమిలినట్టుండే మెతుకులు ఇస్తుంది. పేరు చూడబోతే బిస్కెట్, తినబోతే కడిగేసిన ఎండుగడ్డి. ఆవిడకి ఆ జంతువు మీద ఒక్కసారిగా చుట్టరికం పుట్టుకొచ్చింది.

డోరీన్ సుధామయి చేతికి బ్రష్ ఇచ్చింది. పిల్ల చెయ్యి చాచి, వెనక్కి తీసుకుని, మళ్లీ చాచింది. బిస్కెట్ కదల్లేదు. మెడ దువ్వించుకుంది, పొట్ట దువ్వించుకుంది, డోరీన్ చెప్పినట్టు పిల్ల తడితే కాలెత్తి దాని చేతిలో పెట్టింది. డోరీన్ గొడుగొకటి పట్టుకొచ్చి దాని ముఖం ముందే టప్పున తెరిచింది. సుధామయి ఉలిక్కిపడింది గాని బిస్కెట్ చెవి కూడా ఆడించలేదు.

జీను వేసి ఎక్కించాక నాలుగడుగులు వేసిందో లేదో, పిల్ల ఒక పక్కకి జారింది. వైదేహి గుండె పట్టుకుంది. బిస్కెట్ తనంతట తానే ఆగిపోయింది. పిల్ల జూలు పట్టుకుని సర్దుకుని నిటారుగా కూర్చునేదాకా ఆగి, అప్పుడు మళ్లీ నడిచింది.

"అదీ గుణమంటే" అంది విశాలాక్షి.

వైదేహి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కొన్నాళ్లు ఉంచుకుని చూడండి, నచ్చితే మాట్లాడుకుందాం అంది డోరీన్.

ఆదివారం బిస్కెట్ ఇంటికొచ్చింది. కొట్టం పక్క మట్టినేల చుట్టూ పలకల కంచె ముందే కట్టించి ఉంచారు. పక్కనే పచ్చికకి చిన్న గేటు. వైదేహి ఎండుగడ్డి తూకం వేసి, వలసంచీలో కుక్కి, నీళ్ల తొట్టిలో ముంచి, పైకి లాగి కారనిచ్చి తగిలించడం తల్లికి చేసి చూపించింది. ఆ నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి.

"సారమంతా నీళ్లలోనే పోతోంది కదే."

"పోవాలనే అమ్మా. ఇది తప్ప ఇంకేం పెట్టకు. ఐయామ్ సీరియస్."

"నాకు చెప్పినట్టే చెప్తున్నావు."

"నువ్వు నా మాట వింటే దానికి వేరే చెప్పక్కర్లేదు" అని నవ్వింది వైదేహి.

సోమవారం వైదేహి పిల్లని బళ్లో దింపి హాస్పిటల్ ఫార్మసీకి వెళ్లిపోయాక ఇల్లు చప్పబడిపోయింది. విశాలాక్షి వేలు గుచ్చుకుని షుగర్ చూసుకుంది, మాత్ర వేసుకుంది, ఓట్స్ మింగింది. ముప్పై ఏళ్లు హాస్పిటల్ ల్యాబులో ఊళ్లోవాళ్ల నెత్తురు పరీక్ష చేసి కాగితాలు పంపిన మనిషి. రిటైరయ్యాక తన నెత్తురు కాగితం కూతురి చేతికొచ్చింది. ఆవిడ బాధల్లా అదే.

గాలికి ఆగే జేబుల జాకెట్టు తొడుక్కుని కొట్టం దగ్గరికి వెళ్లింది. బిస్కెట్ కంచె పలకల సందులోంచి అవతలి పచ్చిక కేసి చూస్తోంది. గేటు తీసి పచ్చికలోకి నడిపించింది. మూతికి చిక్కం ఉంది, చిల్లులోంచి ఒక్కో పరకే అందుతోంది. ముక్కు నేలకేసి రుద్దుతోంది. చెంపల మీద పట్టీ ఒరుసుకుని వెంట్రుకలు ఊడిపోయి ఉన్నాయి.

"ఒక్క గంటే" అంది విశాలాక్షి పైకే, ఎవరితోనో బేరమాడుతున్నట్టు. చెవి వెనక బకిల్ విప్పింది.

బిస్కెట్ మొదట నమ్మలేదు. తర్వాత తల దించి మేసింది. పరపరమని తెగే లేత గడ్డి చప్పుడు, మధ్యలో ముక్కుతో ఊదడం. విశాలాక్షి మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరైనా ఇష్టంగా తింటుంటే చూసి ఎన్నాళ్లయిందో అనుకుంది. ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రం ఉలవలు నానబోసింది. మిల్‌వుడ్స్ ఇండియన్ స్టోర్లో చారు కోసమని కొన్నవే. ఇంగ్లీషులో వాటిని హార్స్ గ్రామ్ అంటారు. ప్యాకెట్ మీద ఆ పేరు చూసి, "దీనికే గదా పుట్టించింది" అని నవ్వుకుంది. మర్నాడు కుక్కర్లో మెత్తగా ఉడికించి, వార్చి, చల్లార్చి, బెల్లం చితక్కొట్టి కలిపింది. గిన్నెతో పెడితే ముద్దు తీరదని అరచేత్తో పెట్టింది. వెచ్చటి పెదవులు అరచేయంతా తుడిచేశాయి.

"నీకింత, నాకింత" అని చిన్న బెల్లం ముక్క తన నోట్లో వేసుకుంది.

ఆ వారమంతా అదే వరస. వైదేహి వచ్చే వేళకి చిక్కం మళ్లీ మూతికెక్కేది. పట్టుకోగానే బిస్కెట్ తనే అందులో ముక్కు పెట్టేసేది. పాపం, ఎంత అలవాటు పడిపోయిందో అని విశాలాక్షి నొచ్చుకునేది. పొద్దున షుగరు మీటరు మీద అంకె చూసి ముఖం చిట్లించేది. అయినా మడిచిన కాగితంలో బెల్లం జాకెట్టు జేబులో ఉండనే ఉంది.

సాయంత్రాలు సుధామయివి. బళ్లోంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా పరిగెత్తేది. మొదట తాడు వైదేహి చేతిలో ఉండేది. తర్వాత తాడు వదిలేసి పక్కన నడిచింది. గురువారానికి పక్కన కూడా ఎవరూ లేరు. పిల్ల ఒక్కతే గుండ్రంగా తిరుగుతూ రెండు చేతులూ గాల్లోకెత్తి, "లుక్ అమ్మమ్మా! నో హ్యాండ్స్!" అని అరిచింది. విశాలాక్షి చప్పట్లు కొట్టింది. నీ చలవే తల్లీ అని బిస్కెట్‌కి మనసులో దండం పెట్టుకుంది. ఇన్నాళ్లకి తన చేతి తిండి ఒకళ్లకి ఒంటబట్టిందని కూడా అనుకుంది.

శనివారం పొద్దున పిలిస్తే బిస్కెట్ రాలేదు.

మట్టినేల మధ్యలో ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటోంది అనుకుంది విశాలాక్షి. వైదేహి జీను వేసింది. సుధామయి ఎక్కింది. రెండడుగులు వేసి అది ఆగిపోయింది.

"మొండికేస్తోందేంటి ఇవాళ?" అంది వైదేహి. "కాలితో మెల్లిగా తట్టు, సుధా."

పిల్ల తట్టింది. బిస్కెట్ లోపల్నుంచి ఏదో మూలుగులాంటిది వచ్చింది. మొదటిదైతే కరిచేది. రెండోదైతే పడేసేది. ఇది ఇంకొక అడుగు వేసింది.

"మామ్, షీజ్ షేకింగ్."

పిల్ల తనే జారి దిగిపోయింది. వైదేహి మోకాళ్ల మీద కూర్చుని ముందుకాలి గిట్ట మీద చెయ్యి వేసి చటుక్కున తీసింది. అప్పుడే దించిన ఇస్త్రీ పెట్టెలా కాలిపోతోంది.

వైదేహి పిలిపించిన పశువుల డాక్టరు కుర్రవాడిలా ఉన్నాడు గాని చేతులు నెమ్మదైనవి. గిట్టల్ని పట్టకారుతో ఒక్కోచోట మెల్లిగా నొక్కాడు. నొక్కినచోటల్లా బిస్కెట్ వణికింది. మడమ పైన వేళ్లు పెట్టి నాడి చూశాడు. ఎక్కువ షుగర్ ఒంట్లోకి పోతే ఇలాంటివాటికి ఇన్సులిన్ అదుపు తప్పుతుందనీ, మనుషుల డయాబెటిస్ లాంటిదే అనుకోండనీ, కాకపోతే వీటికి దెబ్బ కాళ్లకి తగులుతుందనీ చెప్పాడు. గిట్ట లోపల ఎముకని పట్టి ఉంచే పొర వదిలేస్తోంది. విశాలాక్షికి ఇన్సులిన్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ కంచె పలక పట్టుకుంది.

దాణా ఏమైనా పెట్టారా, చిరుతిళ్లేమైనా, చిక్కం లేకుండా పచ్చికలోకి వదిలారా అని అడిగాడు.

"నో, నథింగ్" అంది వైదేహి వెంటనే. "నానబెట్టిన గడ్డి తప్ప ఏమీ లేదు. నేనే స్వయంగా తూచి పెడుతున్నా." ఆ మాటలో అనుమానమన్నది లేదు.

విశాలాక్షి నోటికి ఎవరూ చిక్కం కట్టలేదు. అయినా ఆవిడ నోరు పెగల్లేదు.

సుధామయి డాక్టరు చొక్కా అంచు లాగింది. "వాజ్ ఐ టూ హెవీ?"

కాదు కాదు, నువ్వు ఈకంత బరువు అన్నాడాయన నవ్వి. పిల్ల నవ్వలేదు. తన కాళ్లకేసి చూసుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ రెండు రోజులూ విశాలాక్షి ఐసు మోసింది. పెట్రోలు బంకు నుంచి వైదేహి సంచులు తెస్తే, వాటిని సుత్తితో చితక్కొట్టి, బిస్కెట్ ముందుకాళ్లకి తొడిగిన లోతైన రబ్బరు సంచుల్లో నింపడం, కరిగిన నీళ్లు వంచెయ్యడం, మళ్లీ నింపడం. వేళ్లు కొంకర్లు పోయాయి. కూతురు చాలమ్మా అంటే వినలేదు. వంగినప్పుడల్లా బిస్కెట్ ఆవిడ జాకెట్టు జేబు మూచూసేది. నేలకేసి కాలు ఆనించలేని జంతువు, మెడ మాత్రం సాచి, ఆ జేబునే ముక్కుతో పొడిచేది. జేబు ఖాళీ. అది వదిలిపెట్టలేదు.

ఆదివారం డోరీన్ వచ్చింది, డాక్టరు తీసిన ఎక్స్‌రేలు చూసింది. లోపలి ఎముక కిందికి వాలి, అరికాలిని చీల్చుకొచ్చేలా ఉంది. డోరీన్ చాలాసేపు బిస్కెట్ నుదురు నిమురుతూ నిలబడింది. బిస్కెట్ ఆమెని దాటి విశాలాక్షి జేబుకేసి మెడ సాచింది. డోరీన్ ఆ ముక్కునీ చూసింది, జేబునీ చూసింది.

అందులో ఏముండేది అని అడిగింది, మామూలు గొంతుతోనే.

"బెల్లం" అంది విశాలాక్షి. "షుగర్. అండ్ హార్స్ గ్రామ్." కాస్త ఆగి ఇంగ్లీషులోనే, "చిక్కం కూడా నేనే విప్పాను. రోజూ" అంది.

"అమ్మా!" అంది వైదేహి.

"హార్స్?" అంది డోరీన్. ఆ గింజ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. ఏదో అనబోయి, కంచెకి వేలాడుతున్న చిక్కాన్ని తీసి, మట్టి అంటుకుంటే చొక్కా చేత్తో తుడిచింది. దీన్ని చెడ్డవాళ్ల కోసం కట్టలేదు, ప్రేమగా పెట్టేవాళ్ల కోసమే కట్టాను అంది. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బావుండేది. విశాలాక్షి తిట్ల కోసమే ఎదురుచూస్తూ నిలబడింది.

సోమవారం సుధామయి బళ్లో ఉండగా డాక్టరు మళ్లీ వచ్చాడు. బిస్కెట్‌ని శాశ్వతంగా నిద్రపుచ్చే సూది సిద్ధం చేసుకుంటుంటే డోరీన్ పచ్చికలోకి వెళ్లి రెండు చేతులా గడ్డి పీక్కొచ్చి బిస్కెట్ ముందు పోసింది. మూతికి ఏమీ లేదు. అది తినేసింది. ఇంకో గుప్పెడు తెచ్చి పెట్టాక డోరీన్ వెనక్కి తిరిగింది.

ఆ బెల్లం ఇంకా ఉందా అని అడిగింది.

విశాలాక్షి తలూపింది.

అయితే తెండి, ఇప్పుడు పెట్టొచ్చు అంది డోరీన్.

విశాలాక్షి ఇంట్లోకి వెళ్లి డబ్బానే తెచ్చింది. మూత రాలేదు. వైదేహి తీసిచ్చింది. ముక్క అరచేతిలో పెట్టి చాచింది. బిస్కెట్ ఓపిగ్గా ఆ చేతి మీద మూతి కదుపుతూ, దొరికించుకుని, నమిలి, అరచేయంతా నాకి, ఇంకా ఉందా అని చూసింది. ఇంకొకటి పెట్టింది. ఆవిడ ఏడుస్తూనే పెట్టింది.

బిస్కెట్‌కి కాళ్ల నొప్పి ఎక్కువై చనిపోయిందని సాయంత్రం వైదేహి పిల్లకి చెప్పింది. సుధామయి అన్నీ విన్నది. కొట్టం దాకా వెళ్లి చూసొచ్చింది. భోజనాల దగ్గర కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. విశాలాక్షి పెరుగన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెడితే తల తిప్పేసింది.

"ఒక్క ముద్ద, బంగారం."

"నో. ఐ డోంట్ వాంట్ టు బి హెవీ."

వైదేహి స్పూను కింద పెట్టేసింది. "నువ్వు హెవీ కాదమ్మా. డాక్టరంకుల్ చెప్పాడుగా."

పిల్ల తల అడ్డంగా ఊపింది. మంగళవారం పొద్దున పాలు తాగలేదు. బడి నుంచి అన్నం డబ్బా తెరవకుండానే తెచ్చింది. "పోనీలే అమ్మా, బలవంతపెట్టకు, ఆకలైతే అదే తింటుంది" అంది వైదేహి. ఆ మాటకి పిల్ల ఎగరలేదు. విననట్టే కూర్చుంది. విశాలాక్షికి వంటింట్లో ఏం చెయ్యాలో తోచలేదు. వండింది, వేడి చేసింది, మూత పెట్టింది. తినని మనిషి ముందు ఆవిడకి ఇంకే విద్యా రాదు.

ఆ సాయంత్రం మెట్ల మీద పిల్ల పక్కన కూర్చుంది.

"బిస్కెట్‌కి నీ బరువు వల్ల కాదే. నా వల్ల."

సుధామయి చూసింది.

"నువ్వు బళ్లోకి వెళ్లాక నేను దాని చిక్కం విప్పేసేదాన్ని. బెల్లం పెట్టాను. ఉలవలు పెట్టాను. పెట్టొద్దని అమ్మ చెప్పింది, డోరీన్ చెప్పింది. అయినా పెట్టాను. అందుకే దాని కాళ్లు పాడయ్యాయి. నువ్వేం చెయ్యలేదు."

పిల్ల కొట్టం కేసి చూసింది. "డిడ్ షీ లైక్ ఇట్?"

"చాలా ఇష్టంగా తినేది."

"బట్ యూ లవ్డ్ హర్."

"ప్రేమే మరి" అంది విశాలాక్షి. ఆ మాట సంజాయిషీ కింద పనికిరాదని అంటున్నప్పుడే తెలిసింది.

సుధామయి ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. కోపం లేదు. అలా కాసేపు కూర్చుని, "ఐయామ్ హంగ్రీ" అంది.

విశాలాక్షి వంటింట్లోకి దాదాపు పరిగెత్తింది. అన్నంలో పప్పు, నెయ్యి వేసి, చేతికి వేడి తగలకుండా ఊదుతూ కలిపింది. పిల్ల కుర్చీ ఎక్కి కూర్చుంది. వైదేహి పొయ్యి దగ్గర నిలబడి చూస్తోంది. విశాలాక్షి చిన్న ముద్ద చేసి నోటి దగ్గరికి తీసుకెళ్లింది.

సుధామయి నోరు తెరవలేదు. ముద్దకేసి చూసింది, అమ్మమ్మ చేతికేసి చూసింది, మెల్లిగా తల తిప్పి తల్లిని అడిగింది.

"మామ్, ఈజ్ దిస్ ఓకే ఫర్ మీ?"

వైదేహి పొయ్యి ఆర్పి, దగ్గరికొచ్చి కంచంలోకి చూసింది. "తిను నాన్నా. ఏం కాదు."

అంతసేపూ విశాలాక్షి చెయ్యి అలాగే గాల్లో ఉంది. అప్పుడు పిల్ల నోరు తెరిచింది.